తుక్కు దిగుమతి: కాగితం సరే, కొలత ఏది?

2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో పనిచేసేవాళ్లు కొందరు ఉన్నట్టుండి జబ్బుపడ్డారు. చర్మం నల్లబడింది, జుట్టు రాలింది, వాంతులు ఆగలేదు. దుకాణంలో పడి ఉన్న లోహపు ముక్కల నుంచి వెలువడుతున్న గామా కిరణాలే దీనికి కారణమని, అది కోబాల్ట్-60 అని తరువాత తేలింది. పలువురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. మొదటి కొద్ది రోజులూ అనుమానమంతా ఓడల్లో వచ్చే విదేశీ తుక్కు మీదే. అయితే దర్యాప్తులో బయటపడిన జాడ ఓడరేవు వైపు వెళ్లలేదు, అదే నగరంలోని ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగానికి చేరింది. దాదాపు 40 ఏళ్ల క్రితం కెనడా నుంచి కొని, 1985 తరువాత వాడకుండా వదిలేసిన గామా ఇర్రేడియేటర్‌ను 2010 ఫిబ్రవరిలో మిగతా పాత సామాన్లతో పాటు వేలం వేశారు. కొన్నవాళ్లకు అదేమిటో తెలియదు. విప్పారు, కోశారు, ముక్కలు అమ్ముకున్నారు.

కోబాల్ట్-60 అర్ధాయువు సుమారు 5.27 ఏళ్లు. 40 ఏళ్లలో అది ఏడు సార్లకు పైగా సగమవుతుంది, అంటే మొదట ఉన్న శక్తిలో ఇంచుమించు 200వ వంతు మాత్రమే మిగులుతుంది. ఆ మిగిలిన దానికే ఒక ప్రాణం పోయింది.

లోహపు తుక్కు దిగుమతికి ప్రభుత్వ అనుమతుల గురించి మాట్లాడేటప్పుడు నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది. అనుమతులు ఆలస్యమవుతున్నాయని, ఫారాలు ఎక్కువయ్యాయని పరిశ్రమ వాళ్లు అంటారు. మన దేశం ప్రపంచానికి చెత్తకుండీ అవుతోందని పర్యావరణం గురించి పట్టించుకునేవాళ్లు అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ వాదించేది కాగితం గురించే: ఎంత కఠినంగా ఉండాలి, ఎంత సులువుగా ఇవ్వాలి అని. తుక్కు కొలిమిలోకి వెళ్లే ముందు దాన్ని ఎవరు, ఏ పరికరంతో కొలుస్తున్నారన్న ప్రశ్న అంతగా వినపడదు. అనుమతిలో అసలు బరువు అక్కడ ఉండాలని నా అభిప్రాయం.

తుక్కు మనకు అవసరం, ఇందులో సందేహం లేదు. 2019లో కేంద్రం ప్రకటించిన ఉక్కు తుక్కు రీసైక్లింగ్ విధానం ప్రకారం దేశంలో దొరికే తుక్కు ఏడాదికి సుమారు 2.5 కోట్ల టన్నులు, దిగుమతి సుమారు 70 లక్షల టన్నులు. ఒక టన్ను తుక్కు కరిగిస్తే సుమారు 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 600 కిలోలకు పైగా కోకింగ్ బొగ్గు ఆదా అవుతాయి. అల్యూమినియం విషయంలో లాభం ఇంకా ఎక్కువ. ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో దాదాపు 5 శాతంతోనే పాత అల్యూమినియాన్ని మళ్లీ లోహంగా మార్చవచ్చు. అందుకే ప్రభుత్వం తలుపులు ఇంకాస్త తెరుస్తోంది. 2025-26 బడ్జెట్‌లో సీసం, జింకు తుక్కుకీ, లిథియం అయాన్ బ్యాటరీల తుక్కుకీ, కోబాల్ట్ పొడి, వ్యర్థాలకీ, మరో 12 కీలక ఖనిజాలకీ మూల కస్టమ్స్ సుంకం తీసేశారు. (ఈ కోబాల్ట్‌ని చూసి కంగారు పడనక్కర్లేదు. బ్యాటరీల్లో ఉండేది కోబాల్ట్-59, దానికి రేడియోధార్మికత లేదు.)

ఇప్పుడు అనుమతి సంగతి. మూలం 1989 నాటి బాసెల్ ఒప్పందం. ప్రమాదకర వ్యర్థాలను ఒక దేశం మరో దేశానికి పంపాలంటే ముందుగా తెలియజేసి సమ్మతి తీసుకోవాలన్నది దాని సారాంశం. భారత్ 1992లో అందులో చేరింది. ప్రస్తుతం మన దగ్గర అమల్లో ఉన్నవి 2016 ఏప్రిల్‌లో వచ్చిన ప్రమాదకర, ఇతర వ్యర్థాల నియమాలు. వీటి ప్రకారం పారవేయడానికి, పూడ్చడానికి వ్యర్థాలు దిగుమతి చేసుకోవడం నిషిద్ధం. రీసైక్లింగ్‌కీ, లోహం వెలికితీతకీ, మళ్లీ వాడకానికీ మాత్రమే తెచ్చుకోవచ్చు. కర్మాగారానికి ముందుగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అధికార పత్రం ఉండాలి. దరఖాస్తు అందాక మండలి 120 రోజుల్లోగా తేల్చాలి, ఇచ్చిన పత్రం 5 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత ఏ సరుకు తెస్తున్నారన్న దాన్ని బట్టి దారులు విడిపోతాయి. ప్రమాదకర జాబితాలో ఉన్న సరుకైతే ఫారం 5 నింపి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అనుమతి తెచ్చుకోవాలి. శుభ్రమైన ఇనుము, రాగి, అల్యూమినియం ముక్కలకు ఆ మెట్టు ఎక్కనక్కర్లేదు. కొన్ని ధ్రువపత్రాలు, సరుకు రవాణా వివరాలు రాసే ఫారం 6 కస్టమ్స్‌కి చూపిస్తే చాలు. నియమాలకు విరుద్ధంగా సరుకు వచ్చిందని తేలితే వచ్చిన రోజు నుంచి 90 రోజుల్లో దిగుమతిదారు తన ఖర్చుతో వెనక్కి పంపాలి.

ఈ వర్గీకరణ వెనుక మంచి రసాయన శాస్త్రం ఉంది. బాసెల్ పత్రంలో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది: లోహం ‘చెదిరిపోని రూపంలో’ ఉండాలి. రాగి కడ్డీ చేతిలో పట్టుకుంటే ఏమీ కాదు. అదే లోహం పొడిగా, బూడిదగా, లవణంగా ఉంటే గాలిలో ఎగురుతుంది, వాననీటిలో కరుగుతుంది, ఊపిరితిత్తుల్లోకీ బావుల్లోకీ చేరుతుంది. ప్రమాదం లోహం పేరులో కంటే అది ఉన్న రూపంలోనే ఎక్కువ. సీసాన్నే చూడండి. శుభ్రమైన సీసపు దిమ్మలు ఒక జాబితాలో, ఆమ్లంతో నిండిన పాత బ్యాటరీలు ప్రమాదకర జాబితాలో ఉంటాయి. బ్యాటరీ విప్పితే బయటికొచ్చేది లోహం ఒక్కటే కాదు, సల్ఫ్యూరిక్ ఆమ్లం, సీసం సల్ఫేటు ముద్ద కూడా. ఆ ముద్ద ఆరితే దుమ్ము. పెరట్లో బ్యాటరీలు పగలగొట్టే చోట చిన్నపిల్లల ఒంట్లోకి సీసం వెళ్లే దారి అదే. పి.వి.సి. తొడుగున్న రాగి తీగలదీ ఇలాంటి కథే. యంత్రంతో తొడుగు ఒలిస్తే ఇబ్బంది లేదు, కుప్ప పోసి తగలబెడితే డయాక్సిన్లు. సరుకు అదే, జరిగే హాని మాత్రం దాన్ని ఎవరు ఎలా కోస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే దిగుమతి హక్కును వ్యాపారి కంటే ముందు ‘వాస్తవ వినియోగదారు’తో, అంటే కొలిమి ఉన్నవాడితో ముడిపెట్టడం సబబే. ఈ భాగాన్ని సడలించాలని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకోను.

నాకు పేచీ ఉన్నది ధ్రువపత్రం మీద. 2004 సెప్టెంబర్ 30న ఘజియాబాద్ దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో విదేశాల నుంచి వచ్చిన తుక్కులో ఉన్న ఫిరంగి గుళ్లు పేలి 10 మంది చనిపోయారు. ఆ దెబ్బకి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నిబంధనలు బిగించింది. ముక్కలుగా తురమని తుక్కును నిర్ణీత ఓడరేవుల ద్వారానే తేవాలి, మన తూర్పు తీరంలో విశాఖపట్నం, కృష్ణపట్నం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఓడ ఎక్కే ముందు గుర్తింపు పొందిన సంస్థ తనిఖీ చేసి, ఇందులో మందుగుండు లేదు, గుళ్లు లేవు, సహజ స్థాయికి మించిన రేడియేషన్ లేదు అని రాసివ్వాలి. దీన్నే రవాణా పూర్వ తనిఖీ ధ్రువపత్రం అంటారు. మాయాపురి తరువాత ఓడరేవుల్లో రేడియేషన్ పోర్టల్ మానిటర్లు పెట్టే ఆలోచనకూ ఊపు వచ్చింది. ఆ రెండు స్తంభాల మధ్య నుంచి లారీ నెమ్మదిగా వెళ్తే, లోపల గామా కిరణాలు విడుదల చేసే వస్తువు ఉంటే గంట మోగుతుంది.

ఈ ధ్రువపత్రం రాసే మనిషి ఎదుట ఉన్నదేమిటో ఊహించండి. ఒక కంటైనర్‌లో 20 టన్నులకు పైగా వంకర ఇనుము. చేతిలో చిన్న మీటర్. కోబాల్ట్-60 గామా కిరణాల తీవ్రతను సుమారు 2 సెంటీమీటర్ల ఉక్కు సగం చేస్తుంది, ఇంకో 2 సెంటీమీటర్లు అందులో సగం. అంటే తుక్కే తుక్కుకి కవచం. కుప్ప నడిమధ్యన, అందునా తన సొంత సీసపు డబ్బాలో ఉన్న రేడియోధార్మిక మూలకం బయటి నుంచి కొలిస్తే అమాయకంగా కనిపించవచ్చు. తనిఖీ చేసినవాడు అబద్ధం చెప్పాడని అననక్కర్లేదు. ఆయన చూసినది పైపొర.

ఇలాంటి సంఘటనలు ప్రపంచంలో ఎలా పట్టుబడ్డాయో చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. 1983లో మెక్సికోలోని సియుడాడ్ హువారెస్‌లో వాడేసిన క్యాన్సర్ చికిత్స యంత్రం తుక్కు దుకాణానికి చేరింది. అందులోని వేల కొద్దీ కోబాల్ట్-60 గుళికలు కొలిమిలో కరిగి, ఇళ్లు కట్టే ఇనుప కడ్డీల్లో కలిసిపోయాయి. 1984 జనవరిలో ఆ కడ్డీలు మోస్తున్న లారీ ఒకటి అమెరికాలో దారి తప్పి లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాల దగ్గరికి వెళ్లింది. అక్కడి డిటెక్టర్ మోగింది. డ్రైవర్‌కి దారి సరిగా తెలిసి ఉంటే ఆ కడ్డీలు ఇంకెన్ని గోడల్లోకి వెళ్లేవో! 1998లో స్పెయిన్‌లోని ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ కర్మాగారంలో సీజియం-137 మూలకం గేటు దగ్గరి మానిటర్లకి దొరక్కుండా లోపలికి వెళ్లి కరిగిపోయింది. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ వంటి దేశాల్లో గాలిని కొలిచే కేంద్రాలు వింత అంకెలు చూపించాయి. కర్మాగారంలో అది బయటపడింది దుమ్ము మోసుకెళ్తున్న లారీ దగ్గర. శుభ్రం చేయడానికీ, పని ఆగిపోయినందుకూ అయిన నష్టం 2.5 కోట్ల డాలర్లు దాటింది. 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్ట్ బటన్లలో కోబాల్ట్-60 కనిపించింది. ఆ బటన్లలోని ఉక్కు మన దేశం నుంచి వెళ్లినది. వాటిని బిగించే పనిలో ఉన్న సుమారు 20 మందికి సాధారణ పౌరులకు నిర్దేశించిన పరిమితికి మించి రేడియేషన్ తగిలింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ధ్రువపత్రం చదివి పట్టుకున్నది కాదు. చివరి రెండింటికి మధ్య తేడా గమనించండి: స్పెయిన్‌లో అది కర్మాగారం గడప దగ్గరే దొరికింది, మన ఉక్కు సముద్రం దాటాక దొరికింది.

కొలిమి లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎక్కడ కొలవాలో కూడా తెలుస్తుంది. కోబాల్ట్, ఇనుము రసాయనికంగా దగ్గరి చుట్టాలు. అందుకే కోబాల్ట్ కరిగిన ఉక్కులోనే ఉండిపోతుంది, కడ్డీలోకీ గిన్నెలోకీ వెళ్తుంది. సీజియం మరిగేది 671 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఉక్కు కొలిమి వేడి 1600 డిగ్రీలు. అది ఆవిరై పొగగొట్టం వైపు వెళ్లి దుమ్ములో పేరుకుంటుంది. అమెరీషియం వంటివి చిట్టెంలోకి చేరతాయి. కాబట్టి గేటు దగ్గర మాత్రమే కొలిస్తే సరిపోదు. ప్రతి కరిగింపు నుంచీ ఒక ఉక్కు నమూనా, దానితో పాటు దుమ్ము, చిట్టెం కూడా కొలవాలి. ఉక్కు మిశ్రమం సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి పెద్ద కర్మాగారాల్లో ఎలాగూ నమూనా తీస్తారు. దాన్ని ఒక గామా డిటెక్టర్ ముందు కూడా పెట్టడం పెద్ద పని కాదు.

ఇక్కడే చిన్న కర్మాగారాల సంగతి వస్తుంది. మన దేశంలో తుక్కులో పెద్ద భాగం కరిగేది ఇండక్షన్ ఫర్నేసుల్లో. ఇవి ప్రధానంగా కరిగించే యంత్రాలు, శుద్ధి చేసే శక్తి వీటికి తక్కువ. లోపలికి ఏది వెళ్తే బయటికీ ఇంచుమించు అదే వస్తుంది. రేడియోధార్మికత అరుదు, రాగి మాత్రం రోజూ ఉండేదే. మోటార్ల చుట్టలతో సహా తుక్కు వేస్తే ఉక్కులోకి రాగి చేరుతుంది. ఇనుము కంటే రాగికి ఆక్సిజన్‌తో కలిసే గుణం తక్కువ కాబట్టి కొలిమిలో దాన్ని ఆక్సీకరించి తీసెయ్యడం కుదరదు. రాగి మోతాదు పెరిగితే వేడి మీద సాగదీసేటప్పుడు ఉక్కు పగుళ్లిస్తుంది. ఇంటి శ్లాబులో వేసే కడ్డీ నాణ్యత తుక్కు ఏరిన మనిషి చేతిలో ఉందన్నమాట. దిగుమతి కాగితంలో రసాయన విశ్లేషణ నివేదిక జతచేయమని నియమాలు అంటాయి, మంచిదే. కానీ 20 టన్నుల కలగాపులగంలో నాలుగు ముక్కలు తీసి చేసిన విశ్లేషణ ఆ నాలుగు ముక్కల గురించే చెబుతుంది.

అందువల్ల నేను అడిగేది ఫారాలు పెంచమని కాదు. కొన్ని తగ్గించినా నాకు అభ్యంతరం లేదు. ఒకే వివరాన్ని మండలికీ, మంత్రిత్వ శాఖకూ, కస్టమ్స్‌కూ విడివిడిగా రాసివ్వడం వల్ల ఎవరి ఆరోగ్యమూ బాగుపడదు. దానికి బదులు, తుక్కు కరిగించే ప్రతి యూనిట్‌కూ ఇచ్చే అధికార పత్రంలో కొలతను షరతుగా పెట్టాలి: గేటు దగ్గర డిటెక్టర్, కరిగించాక నమూనా, ఆ అంకెల నమోదు. చిన్న యూనిట్లకు విడివిడిగా కొనే స్తోమత లేకపోతే పారిశ్రామికవాడకు ఒకటి చొప్పున, ఉమ్మడి వేబ్రిడ్జి ఉన్నట్టే ఉమ్మడి మానిటర్ పెట్టుకోవచ్చు. తుక్కు లారీ ఎలాగూ తూకానికి వెళ్తుంది. తూకంతో పాటే ఈ కొలతా అయిపోతుంది.

ఈ షరతు దేశీయ తుక్కుకు కూడా వర్తించాలి. దిగుమతి తుక్కుకు కనీసం ఒక కాగితమైనా ఉంది. మన వీధుల్లో పాత ఇనప సామాన్లకు ఉల్లిపాయలిచ్చే బండి నుంచి మొదలై, గోదాము, టోకు వ్యాపారి, కొలిమి వరకూ సాగే గొలుసులో అది కూడా లేదు. ఆసుపత్రులు, కళాశాలలు, కర్మాగారాలు మూసేసినప్పుడు, పాతవి అమ్మేసినప్పుడు అందులో ఏముందో ఎవరికీ తెలియని పరిస్థితి మాయాపురితో పోయిందని అనుకోలేం. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో మూతబడిన ఆసుపత్రిలో వదిలేసిన సీజియం-137 యంత్రాన్ని తుక్కు ఏరుకునేవాళ్లు విప్పితే నలుగురు చనిపోయారు, లక్ష మందికి పైగా జనాన్ని పరీక్షించాల్సి వచ్చింది. అక్కడా దిగుమతి ప్రసక్తి లేదు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న గంట మోగిన తరువాతది. ఒక చిన్న కర్మాగారం యజమాని తన గేటు దగ్గర అనుమానాస్పదమైన ముక్క దొరికిందనుకుందాం. ఆయన ఫోన్ చేస్తే పని ఆగుతుంది, విచారణ వస్తుంది, ఆ ముక్క తరలింపు ఖర్చు తన నెత్తిన పడుతుందేమోనన్న భయం ఉంటుంది. ఫోన్ చేయకపోతే? లారీని వెనక్కి తిప్పితే చాలు. ఆ లారీ మానిటర్ లేని ఇంకో గేటుకి వెళ్తుంది. నిజాయితీకి ఖరీదు ఎక్కువైన చోట డిటెక్టర్ స్విచ్ ఆపేయడమే తెలివైన పని అనిపిస్తుంది. స్పెయిన్ ఈ చిక్కు ముడిని గమనించింది. తమ దేశంలో ప్రమాదం జరిగిన మరుసటి ఏడాది, 1999లో, ప్రభుత్వం, అణు భద్రతా మండలి, రేడియోధార్మిక వ్యర్థాల సంస్థ, ఉక్కు పరిశ్రమ కలిసి ఒక ఒడంబడిక రాసుకున్నాయి. స్వచ్ఛందంగా చేరిన కర్మాగారాలు తుక్కును కొలుస్తాయి. ఏదైనా దొరికితే ఎవరికి చెప్పాలో, ఎవరు తీసుకెళ్లాలో ముందే రాసి ఉంటుంది. మన దగ్గర అణుశక్తి నియంత్రణ మండలి ఉంది, 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాలు ఉన్నాయి, అణుశక్తి విభాగంలో ఇలాంటి మూలకాలను సురక్షితంగా తీసుకోగల నైపుణ్యం ఉంది. లోపించింది ఆ కొలిమి యజమానికి ఒక హామీ: తెలియజేస్తే శిక్షించం, తరలింపు ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుంది, ఇన్ని రోజుల్లోగా వచ్చి తీసుకెళ్తాం అని. రేడియోధార్మిక మూలకాన్ని వదిలేసిన అసలు యజమాని దొరికితే ఆ ఖర్చు అతని నుంచి తరువాత రాబట్టుకోవచ్చు.

దీనికి బయటి నుంచి ఒక గడువు కూడా ఉంది. యూరోపియన్ యూనియన్ 2024లో వ్యర్థాల రవాణా చట్టాన్ని మార్చింది. 2027 మే 21 నుంచి భారత్ వంటి దేశాలకు, ప్రమాదకరం కాని తుక్కును పంపాలన్నా, ఆ దేశం దాన్ని పర్యావరణానికి హాని లేకుండా శుద్ధి చేయగలదని నిరూపించుకోవాలి. తుక్కు తీసుకునే యూనిట్లను స్వతంత్ర సంస్థలు తనిఖీ చేయాలి. ఆ తనిఖీ చేసేవాళ్లు మన కర్మాగారానికి వచ్చినప్పుడు అల్మారాలోంచి ఫారం 6 కట్ట తీసి చూపించగలం. పొగగొట్టం దుమ్ములో సీసం ఎంత, గత ఏడాది ప్రతి కరిగింపులో గామా అంకె ఎంత, పాత బ్యాటరీల ఆమ్లం ఎటు పోయింది అని అడిగితే చూపించడానికి పెద్ద యూనిట్లలో కొన్నింటి దగ్గర మాత్రమే జవాబు ఉంటుందని నా అనుమానం. వాటి పక్కనే పనిచేసే వందలాది చిన్న కొలిములకు ఆ అంకెలు సమకూర్చుకోవడానికి ఉమ్మడి పరికరాలు, శిక్షణ ఇచ్చే పని కాలుష్య నియంత్రణ మండళ్లు ఇప్పుడే మొదలుపెట్టాలి.